గొర్రె తోకకు తక్కువైన అక్షరం

లెక్కల సారు పోయినాడన్న మాట నాకు బెళుగుప్ప బస్సులో కండక్టరు చెప్పినాడు. టికెట్టు చింపుతా చింపుతా, "మీ లెక్కల సారు లేడంట గదా సార్, పొద్దున్నే" అన్నాడు. నా నోట్లోనుంచి వచ్చిన మొదటి మాట అయ్యో గాదు. "రుజువేమి?" అన్నా. కండక్టరు నన్ను తిక్కోని మాదిరి చూసినాడు. ఇన్నేండ్లు ఆయప్ప పక్క కుర్చీలో కూర్చుంటే ఎవరికైనా ఇట్లాంటి రోగాలే అంటుకుంటాయి. వాన పడేట్లుండాది సార్ అంటే రుజువేమి, జీతం పెరిగిందంట సార్ అంటే రుజువేమి. నాకు రుజువు ఇంటికి పోయినంక దొరికింది. చాప మీద పండబెట్టినారు. మొగంలో అదే చిరాకు, ఎవరో తప్పు లెక్క చెప్తాంటే వింటాండేటట్ల.

నేను అదే హైస్కూల్లో డ్రాయింగ్ అయ్యవారిని. గీసేది తప్ప రాసేది నా పని గాదు. అయినా ఇది రాస్తాండా, యాలంటే స్కూల్లో పెట్టిన సంతాప సభలో చెప్పిన మాటలు ఈ చెవులతోనే విన్నా. సారును బతికుండంగా ఒక్క తూరి గూడా చూడని పెద్దమనిషి ఒకాయన శాలువా కప్పుకోని వచ్చి "గణిత గగనంలో ధ్రువతార" అన్నాడు. ఆయన ఎనక మా హెడ్మాస్టరు లేసి, "కంప్యూటరు విద్యను ఈ కరువు సీమకు దించిన భగీరథుడు" అని కండ్లు తుడుచుకున్నాడు. భగీరథుడంట! ఆ కంప్యూటరు గదికి తాళం ఏసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకోని తిరిగిన మహానుభావుడు ఈయనే. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. సారు ఆడ ఉండింటే ఒకటే మాట అనుండేవాడు. "ఎక్కువైంది తుడువు."

ఆ మాట అనకుండా ఆయప్పకు దినం గడిచేది గాదు. నాలుగు మెట్లలో తేలే లెక్కను పిల్లోడు ఏడు మెట్లు చేస్తే మార్కులు తగ్గించేది లేదు గానీ, డస్టరు చేతికిచ్చి "ఎక్కువైంది తుడువు" అనేవాడు. పిల్లోడు ఏది తుడవాల్నో తెలీక అంతా తుడిచేసేవాడు. "ఇంగ బాగుంది, మళ్లా మొదలుపెట్టు." నా బొమ్మలనూ వదల్లేదు. వార్షికోత్సవానికి నేను సరస్వతిని గీస్తే, చేతులు ఎనక కట్టుకోని చానాసేపు చూసి, "నగలు ఎక్కువైనాయి, తుడువప్పా. చదువు చెప్పే ఆమెకు యాడివి ఇన్ని?" అన్నాడు. వారం దినాలు ఆయప్పతో మాట్లాడలేదు నేను. ఆయప్పకు ఆ సంగతే తెలీలేదు.

ఈ పిచ్చి అక్షరాలకూ పాకింది. మన పేర్లు ఇంగ్లీషులో రాసేటప్పుడు 'త'కు మనవాళ్లు టీ పక్కన హెచ్ పెడతారు గదా. లత అంటే ఎల్, ఏ, టీ, హెచ్, ఏ. ఆ హెచ్‌ను చూస్తే ఆయప్పకు పడేది గాదు. "పని చెయ్యని అక్షరానికి అన్నం పెట్టేదేంది?" అని హాజరు పట్టీలో లతలు, సుజాతలు, తిప్పన్నలు అందరి హెచ్‌లూ కొట్టేసినాడు. ఒక లత వాళ్ల నాయన కంబళి భుజాన ఏసుకోని వచ్చి, "ఏం సార్, మా పాప పేర్లో అచ్చరం తీసేసినారంట. యాడికి పాయ అది?" అని అడిగినాడు. "యాడికీ పోలేదప్పా, అది ఎప్పుడూ లేదు" అన్నాడు సారు. ఆ పెద్దాయన కొంచేపు ఆలోచించి సరేలే సార్ అని ఎళ్లిపోయినాడు. పరీక్షల దరఖాస్తుల కాడ పేర్లు కలవక, గుమాస్తా సారును తిట్టుకుంటా ఆ హెచ్‌లన్నీ మళ్లా ఎక్కించినాడు. ఈ హెచ్‌ను రొంత గుర్తు పెట్టుకోండి.

డెబ్బైలలో ఒక కరువు ఏడాది తరగతిలో జరిగింది చెప్పాల. పుస్తకంలో లెక్క: ఒక తొట్టిని రెండు కుళాయిలు నింపుతాండాయి, ఒక కుళాయి ఖాళీ చేస్తాండాది, తొట్టి ఎప్పుడు నిండుతుంది? సారు చదివి పుస్తకం మూసేసినాడు. "ఏ ఊర్లోనప్పా ఇది? రెండు కుళాయిలు నింపుతాంటే మూడోది ఇప్పి పెట్టినోడు ఎవడు? వాణ్ని పట్టుకోండి ముందు" అన్నాడు. పక్క తరగతిలో ఉన్న నాకు పిల్లోళ్ల నవ్వు ఇనబడింది. తరువాత ఆ లెక్కనే బావికి మార్చినాడు. రాత్రికి ఇంత ఊట, పొద్దున ఇన్ని బిందెలు, ఆఖర్న వచ్చినామెకు నీళ్లుంటాయా ఉండవా? ఆ లెక్క తప్పు చేసిన ఆడపిల్ల మా తరగతుల్లో ఒక్కతీ లేదు. డీఈఓ ఆఫీసునుంచి వచ్చినాయన మాత్రం 'పాఠ్యపుస్తకం అనుసరించుట లేదు' అని రాసిపోయినాడు. రాయక ఏం చేస్తాడు, ఆయనింట్లో కుళాయి ఉండాది గదా.

ఎనభైలు సగానికొచ్చినంక సర్కారు మా స్కూలుకు కంప్యూటరు పంపింది. తాగేదానికి నీళ్లు పంపలేదు, కంప్యూటరు పంపింది. హెడ్మాస్టరు దానికి టెంకాయ కొట్టి, బొట్టు పెట్టి, ప్లాస్టిక్ కవరు కప్పి, దాని మీద దుప్పటి కప్పి, గదికి తాళం ఏసినాడు. ముట్టుకుంటే చెడిపోతాది, చెడిపోతే నేను జవాబు చెప్పాల అనేది ఆయన సిద్ధాంతం. పనిచేసిన వస్తువే చెడిపోతాది గాబట్టి పనిచెయ్యనీకుండా చూసుకునేది ఆయన ఉద్యోగం. కంప్యూటరు నేర్పిస్తాము అనంతపురం రాండని ఎండాకాలం సెలవుల్లో పిలిస్తే ఎవరూ పోలేదు. లెక్కల సారు పోయినాడు. "యాడ తప్పు చెప్తారో చూసొస్తా" అని పోయినాడు. వచ్చినంక మాత్రం ఆయప్ప కంట్లో ఏదో పడినట్ల అయిపాయ. దినామూ ఆ గది కిటికీ కాడ నిలబడేవాడు.

అంతలో పైనుంచి కాగితం వచ్చింది. ఫలానా నెలలో ఆఫీసరు వస్తాడు, కంప్యూటరుతో ఏం పని జరుగుతాందో చూపించాల, పని జరుగుతాంటే గది దినామూ పిల్లోళ్లకు తెరిచి పెట్టేదానికి ఆర్డరు ఇస్తారు, లేదంటే లేదు. హెడ్మాస్టరుకు చెమట్లు పట్టినాయి. ఏదో ఒకటి చూపించండి సార్ అని తాళంచెవి ఇప్పి లెక్కల సారు చేతిలో పెట్టినాడు, అది గూడా సాయంత్రాలు, ఆదివారాలు మాత్రమే. సారు ఆ పొద్దు నా దగ్గరికొచ్చి, "డ్రాయింగూ, ఒక గొర్రెను గీసియ్యి. దాన్ని కంప్యూటరుకు తగిలించిన టీవీలో నడిపిస్తా. అది నడిస్తే గది తెరుస్తారు" అన్నాడు. గొర్రె యాల అని అడిగితే, "మన పిల్లోళ్లు దినామూ చూసేది ఏంది? ఏనుగా?" అన్నాడు. నిజమే, మా పిల్లోళ్లలో సగం మంది బడి ఇడిసినంక పోయేది మంద ఎనకకే.

నేను మనసు పెట్టి గీసినా. మెలి తిరిగిన కొమ్ములు, ఒంటి నిండా ఉంగరాల ఉన్ని. ఆయప్ప చూసి "ఇది గొర్రె గాదు, పెండ్లికొడుకు. తుడువు" అన్నాడు. గళ్ల కాగితం మీద గడికి ఒక చుక్క లెక్కన గీయాలంట. ఉన్ని పాయ, కొమ్ములు పాయ, కన్ను గూడా పాయ. ఆఖరుకు కాళ్లు నాలుగు రకాలుగా కదిలే నాలుగు బొమ్మలు మిగిలినాయి. అవి ఒకదాని ఎనక ఒకటి గబగబా చూపిస్తే గొర్రె నడిచినట్ల ఉంటాదంట. ఒక్క తోక కాడ మాత్రం ఆయప్ప గీత తుడవనీలేదు. "తోక కిందికి ఏలాడాల. మేకకు పైకి, గొర్రెకు కిందికి. ఇంత చిన్న బొమ్మలో గొర్రె అనేదానికి మనకున్న రుజువు అదొక్కటే." ఆ తోక ఊగేదానికి కంప్యూటరుకు ప్రత్యేకంగా చెప్పాల. దానికి రాసే లైన్లలో ఆయప్ప కాలుకు కాలు అనీ, తలకు తల అనీ, తోకకు తోక అనీ మన మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు పెట్టినాడు. తోక అంటే టీ, ఓ, కే, ఏ. హెచ్ లేకుండా. ఆయప్ప హెచ్ పెడతాడా?

ఇంగ చూడాల ఆ ఆదివారాలు. రాసిందంతా టేప్‌రికార్డరు క్యాసెట్లో దాచుకోవాల. లేదంటే కరెంటు పోతే గొర్రె పాయ, తోక పాయ. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క భజన పాటల క్యాసెట్టు దానికే బలి అయింది. మా ఆడమనిషి ఒకనాడు ఆ క్యాసెట్టు ఏసుకుంటే దేవుని పాట బదులు కీచుమని చెవులు పగిలే శబ్దం వచ్చింది. "ఏం దయ్యాన్ని పట్టినాడు మీ సారు ఇందులో?" అనింది. గొర్రె అని చెప్పినా. నమ్మలేదు.

అన్నీ సరిగ్గా కుదిరినాయి అనుకోని ఆయప్ప మీట నొక్కితే గొర్రె రాలేదు. టీవీలో ఒక మాట వచ్చింది. మిస్టేక్, ఫలానా లైన్లో. తోక ఉన్న లైన్లో. ఎంత మంది పిల్లోళ్ల కాగితాల మీద ఎర్ర సిరాతో తప్పు, తప్పు అని రాసిన చెయ్యి అది! ఆ చేతికి ఒక ప్లాస్టిక్ పెట్టె తప్పు అని చెప్పింది. నేను లోపల్లోపల నవ్వుకున్నా, అబద్ధమెందుకు. ఆయప్ప ఆ లైన్ను మళ్లా కొట్టినాడు. మిస్టేక్. కూడికలు చేతితో చేసి చూసుకున్నాడు. మిస్టేక్. "నా లైన్లో తప్పు ల్యా. దీని కండ్లల్లో ఉండాది తప్పు" అని టీవీకి చెప్తాండాడు. వయసొచ్చిన మనిషి ఒక పెట్టెతో కొట్లాడేది చూస్తే జాలి గాదు, ఒళ్లు మండుతాది. ఇంట్లో గూడా అన్నం కాడ ఇదే పాట అంట. ముద్ద చేతిలో పట్టుకోని "తోకలో ఏముంటాది తప్పు?" అని సారు తన భార్యను అడిగేవాడంట. "పోయి గొర్రెను అడుగుపో" అనేది ఆయమ్మ.

ఆఫీసరు వచ్చే దినం దగ్గరపడింది. గొర్రె కదలదు. నాకు ఇసుగొచ్చి, "నీ మాట ప్రకారమే చెయ్యప్పా. తోక ఎక్కువైంది, తుడువు" అన్నా. ఆయప్ప నాపక్క చూసి, తోక లైన్లు తీసేసి మీట నొక్కినాడు. గొర్రె నడిచింది! ఎడమనుంచి కుడికి, టకటకా, తోక లేకుండా. నేను ఎగిరి గంతేసినా. ఆయప్ప మొగంలో మాత్రం సంతోషం లేదు. "ఇది ఏందప్పా ఇప్పుడు? గొర్రా, మేకా, పందా?" అన్నాడు. అయితే ఒకటి తేలింది గదా, కష్టమంతా తోకలోనే ఉండాది. పుస్తకం తీసి, ఆ కంప్యూటరు తనకోసం ఉంచుకున్న మాటలు ఏమేముండాయో చూసినాడు. దొరికింది. టీ, ఓ. 'ఇక్కణ్నుంచి ఇక్కడి దాకా' అని చెప్పేటప్పుడు ఆ 'దాకా'కు అది వాడుకునే మాట టూ. మన తోక ముందు టీ, ఓ కనబడగానే అది తన మాటేనని మింగేసి, మిగిలిన 'క'ను చూసి మిస్టేక్ అంటాండాది. "దొంగనాయాలా! నా తోకలో నీ దాకా యాడిదిరా?" అన్నాడు. ఆయప్ప అంత సంతోషంగా తిట్టింది నేను మళ్లా ఎప్పుడూ వినలేదు.

పేరు మార్చాల. తెలుగు పండితుడు ఆ దోవన పోతా ఆగి, "పుచ్ఛము అనండి. లేదా వాలము. శ్రావ్యంగా ఉంటుంది" అని సలహా పారేసినాడు. "మీ గొర్రెకు పెట్టుకోండి పుచ్ఛము. మా గొర్రెకు తోకే" అన్నాడు సారు. పండితుడు కండువా దులుపుకోని ఎళ్లిపోయినాడు. అప్పుడు నేనన్నా, "హెచ్ పెట్టు." అందరి మాదిరి టీ పక్కన హెచ్ రాసింటే ఈ గోలంతా మొదటినుంచీ లేదని ఇద్దరికీ తెలుసు. చచ్చిన బల్లిని తోసేటట్ల ఒక ఏలితో ఆ అక్షరాన్ని నొక్కినాడు ఆయప్ప. గొర్రె వచ్చింది. తోక కిందికి ఏలాడుతా, అటూ ఇటూ ఊగుతా. కుడి అంచున మాయమై, మళ్లా ఎడమనుంచి వచ్చింది. "హెచ్‌కు అన్నం పెట్టాల్సి వచ్చెనే" అని గొణిగినాడు. పంచె కొసతో కండ్లద్దాలు తుడుచుకున్నాడు, కండ్లు గూడా.

ఆఫీసరు వచ్చినాడు. సముద్రం పక్కనుంచి వచ్చిన మనిషి, తెల్ల సఫారీ, జేబులో మూడు పెన్నులు. క్యాసెట్టు కీచుమంటాంటే చెవులు మూసుకున్నాడు. గొర్రె వచ్చింది. ఆయన మొగం విచ్చుకుంది. "భలే ఉందండీ! కుక్క ఎంత చక్కగా నడుస్తోంది!"

"అవును సార్, కుక్కే సార్" అన్నాడు హెడ్మాస్టరు.

ఆఫీసరు పెన్ను తీసినాడు. "ఈ గది రోజూ తెరిచి ఉంచండి. పిల్లలందరికీ ఈ కుక్కని చూపించండి. నేను ఆర్డరు రాస్తాను." చూడండి, అంతా అయిపోయినట్లే. ఒక్క నిమిషం గమ్మున ఉంటే చాలు. నేను సారు చెయ్యి గిల్లినా.

"కుక్క గాదు సార్, గొర్రె. తోక చూడండి" అన్నాడు సారు.

"నాకు కుక్కలాగే ఉందండీ" అని ఆఫీసరు నవ్వినాడు.

"తోక కిందికి ఏలాడుతాంటే కుక్క ఎట్లయితాది సార్? కుక్కకు వంకర, మేకకు పైకి, గొర్రెకు కిందికి. మీరు ఈ జిల్లాకు వచ్చి ఎన్నాళ్లాయ? రుజువు కావాలంటే బయట ఉరవకొండ రోడ్డు మీద మంద పోతాండాది, రాండి చూపిస్తా."

హెడ్మాస్టరు కాలు తొక్కినాడు. తొక్కింది నా కాలు. ఆఫీసరు పెన్నుకు మూత పెట్టినాడు. "సరైన శిక్షణ ఉన్నవారు వచ్చేదాకా తాళం వేసి ఉంచండి" అని జీపెక్కినాడు. ఎవరికి శిక్షణ లేదంట, వినండి! గొర్రెకూ కుక్కకూ తేడా తెలీనాయన చెప్తాండాడు.

ఆ సాయంత్రం నేను ఆయప్పను దోవ పొడుగునా తిట్టినా. "ఒక్క తూరి కుక్క అంటే నీ సొమ్మేం పోతాది?" అన్నా. ఆయప్ప నిలబడినాడు. "పిల్లోళ్లకు గది తెరిచి, మొదటి దినమే అబద్ధం చూపించమంటావా?" అన్నాడు. "అబద్ధమో నిజమో, గది తెరిచి ఉండేది గదప్పా!" అన్నా. ఆయప్ప పంచె ఎగ్గట్టుకోని ముందుకు నడిచినాడు. ఈ పొద్దుటికీ నాకు ఆ విషయంలో కోపమే. నేనైతే కుక్క అనేవాణ్ని, నక్క అనమన్నా అనేవాణ్ని. అట్లనే, నేను పోయినప్పుడు నా గురించి ఎవరూ ఇట్లా ఆలోచిస్తా కూర్చోరని గూడా తెలుసు.

తరువాత ఆ గది ఏటికొక తూరి ఆయుధ పూజకు తెరిచేవాళ్లు. గుమ్మడికాయ కొట్టి, టీవీ అద్దానికి కుంకుమ బొట్టు పెట్టి, బొరుగులు పంచి మళ్లా తాళం. సారు లోపలికి వచ్చేవాడు గాదు. కిటికీ కాడ నిలబడి, "బొట్టు ఎక్కువైంది, తుడువు" అనేవాడు. రిటైరైన దినం ఒక్క తూరి తాళంచెవి అడిగినాడు. "ఆర్డరు లేదు సార్" అన్నాడు హెడ్మాస్టరు, దండ ఏసే చేతులతోనే.

సంతాప సభలో ఆ హెడ్మాస్టరుకే ఎందుకో మనసు కరిగింది. శాలువా పెద్దమనిషికి చూపించేదానికి గది తెరిపించినాడు. దాన్ని ఎట్ల నడిపించేదో ఒక్కనికీ తెలీదు. నాపక్క చూసినారు. సారు చేసేది చూసి చూసి నాకు వచ్చినంత వచ్చు. సొరుగులోనుంచి మా భజన క్యాసెట్టు తీసి పెట్టినా. కీచుమనింది. పెద్దమనిషి శాలువా చెవుల దాకా లేసింది. టీవీ అద్దం మీద పోయిన పండగ బొట్టు అట్లనే ఉండాది, దాని ఎనకనుంచి గొర్రె వచ్చింది.

"అద్భుతం! కుక్క జీవం ఉట్టిపడుతున్నది!" అన్నాడు పెద్దమనిషి.

"అవును సార్, కుక్కే సార్" అన్నాడు హెడ్మాస్టరు. అదే మాట. ఇన్నేండ్లలో ఒక్క అక్షరం మారలేదు.

"కుక్క గాదు సార్, గొర్రె. తోక చూడండి."

అనింది నేను గాదు. సారు భార్య. పొద్దుటినుంచి వాకిలి కాడ బెంచీ మీద కూర్చోనుండింది. ఆ గొర్రెను ఆయమ్మ అంతకుముందు ఒక్క తూరి గూడా చూళ్లేదు. అన్నం కాడ దాని తోక గురించి విన్నదే. పెద్దమనిషి నవ్వబోయి ఆపుకున్నాడు. టిఫినుకు చేసిన ఉగ్గాని చల్లారిపోతాదని ఎవరో పిలిస్తే అందరూ బతికినాము అనుకోని ఎళ్లిపోయినారు.

ఆయమ్మ వచ్చి సారు కూర్చునే కుర్చీలో కూర్చుంది. అటెండరు తాళం పట్టుకోని వాకిట్లో నిలబడినాడు. "ఆపండి సార్, తాళం ఏయల్ల" అన్నాడు. నేను మీట మీద చెయ్యి పెట్టినా.

"ఉండన్నా, ఇంకొక తూరి రానీ" అనింది ఆయమ్మ.

గొర్రె కుడి అంచున మాయమైంది. ఎడమనుంచి మళ్లా వచ్చింది, తోక ఏలాడేసుకోని. నేను చెయ్యి తీసేసినా. అటెండరు తాళాన్ని ఈ చేతిలోనుంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇంకొక తూరి" అనింది ఆయమ్మ.